కొండ మీద వంతు

ఎండాకాలం వచ్చిందంటే టైలరమ్మ ఇంటి తలుపు పొద్దు పొడవకముందే తడతారు. రాత్రి పెట్టివెళ్ళిన గిన్నెలు పట్టుకెళ్ళడానికి వచ్చేవాళ్ళన్నమాట. వెనకింటివాళ్ళ పాలు, పక్కింటి పెద్దాయన షుగరు ఇంజెక్షన్లు, మూలింటివాళ్ళ పసిదానికి నోట్లో వేసే మందు. అన్నీ ఆమె భర్త మంచం చుట్టూ వరసగా ఉంటాయి, ఏదీ పాడవదు. టైలరమ్మ కళ్ళు నులుముకుంటూ ఎవరిది వాళ్ళకి అందిస్తుంది. ఒక్కోసారి గిన్నెల మీద మూతలు మారిపోతాయి. మూత మారిందంటే ఆ వీధిలో అయ్యే రభస ఇంతా అంతా కాదు.

"బాబాయి రాత్రి అటు తిరిగి పడుకున్నట్టున్నాడు. మా పాల మీద మీగడ కూడా గట్టిపడలేదు" అని వెనకింటావిడ సణిగింది ఆ రోజు.

"ఇవాళ్టి నుంచి నీ వైపు తిరిగే పడుకోమంటాలే" అంది టైలరమ్మ. వెనకింటావిడ నవ్వాపుకోలేక గిన్నె ఒలకబోసుకుంది.

టైలరమ్మ భర్త పాల డిపోలో పనిచేస్తాడు. పని అంటే పెద్దగా ఏమీ లేదు, పాల క్యాన్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడమే. ఆయన చుట్టూ బారెడు మేర ఎప్పుడూ చలి. గాలి కూడా ఉంటుంది, సన్నగా కోసేలాంటి గాలి. కొన్ని రోజుల్లో పైకప్పుకీ ఆయన తలకీ మధ్య ఎక్కణ్ణించో మంచు రాలుతుంది, చేతిలో పేపరు తడిసిపోతుంది. ఆయన పేపరు దులుపుకుని మళ్ళీ చదువుకుంటాడు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మంచు బాబాయి. డిపో యజమానికి ఆయనంటే ప్రాణం. కరెంటు పోయినా కంగారుపడని డిపో ఆ చుట్టుపక్కల అదొక్కటే మరి.

ఈ చలి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తల్లో ఆయన సైన్యంలో ఉండేవాడు. సరిహద్దులో ఒక కొండ దగ్గర గొడవ మొదలైంది. ప్రభుత్వం దాన్ని యుద్ధం అనలేదు, 'పరిమిత చర్య' అంది. మనుషుల్ని పరిమితంగా పంపారు, తిండి పరిమితంగా పంపారు, చావులు మాత్రం వాటి ఇష్టమొచ్చినట్టు వచ్చాయి. ఆఖరికి పెద్దవాళ్ళు ఎక్కడో బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుని, ఆ కొండని అవతలివాళ్ళకే వదిలేశారు. బాబాయి ఇంటికొచ్చాడు. ఆయనతో పాటే కొండ మీది చలి కూడా వచ్చింది.

టైలరమ్మ ఊరికే ఏం కూర్చోలేదు. సైనికుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కౌంటర్లో ఉన్నావిడ తల అడ్డంగా ఊపి, "ఇది యుద్ధంలో దెబ్బ తిన్నవాళ్ళకండీ. మీ ఆయన వెళ్ళింది యుద్ధానికి కాదు కదా" అంది. అంటూనే చలేసి స్వెటరు తొడుక్కుంది. ఇంకోసారి పాత అధికారి ఒకాయన పాపం పనిగట్టుకుని ఇంటికొచ్చి, నిటారుగా నిలబడి, "ఇక అయిపోయింది, దిగిపో" అని ఆజ్ఞ ఇచ్చాడు. బాబాయి "అలాగే సార్" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో మంచినీళ్ళు తాగాలంటే గ్లాసులో చెంచాతో పొడవాల్సి వచ్చింది. అధికారి మాట చాలలేదంటే ఇంకా పెద్దవాళ్ళెవరో వచ్చి చెప్పాలి కాబోలు, ఏ మంత్రో, ప్రధానో అనుకుంది టైలరమ్మ. ఆ తర్వాత ఆలోచించడం మానేసింది. ఎండాకాలంలో కూడా రెండు దుప్పట్లు కప్పుకుని ఆయన పక్కనే పడుకుంది. కాపురమన్నాక ఏదో ఒకటి ఉంటుంది కదా.

ఆమె ఒళ్ళు సర్దుకుంది కానీ వేళ్ళు సర్దుకోలేదు. మొదట చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, ఇప్పుడు అన్నీ. పొద్దున్నే వాచిపోయి ముడుచుకునే ఉంటాయి. వేడినీళ్ళలో పెట్టి నెమ్మదిగా విప్పుకుంటే గానీ సూదిలో దారం ఎక్కించలేదు.

డాక్టరమ్మ ఆ వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. "మందులు రాస్తాను, వేసుకుంటారు. ఏం లాభం? చలి మనిషిని పక్కనే పెట్టుకుని పడుకుంటారు" అంది.

"పక్కన కాకపోతే ఎక్కడ పడుకోమంటారు?"

"నవ్వులాట కాదమ్మా. వెచ్చటి చోటికి వెళ్ళి ఉండండి. ఇలాగే ఇంకో చలికాలం గడిస్తే ఈ చేతులతో సూది కాదు, గరిటె కూడా పట్టుకోలేరు."

టైలరమ్మకి పక్క ఊళ్ళో అక్క ఉంది. అక్క ఇంట్లో ఎండ బాగా పడే గది ఖాళీగా ఉంది. "వచ్చెయ్యవే, ఇద్దరం కలిసి ఉందాం. మరిదిగారు నెలకోసారి వచ్చి చూసిపోతారు, మరీ దగ్గరికి రాకుండా" అంది అక్క ఫోన్లో. టైలరమ్మ ఆ మాటకి నవ్వింది. ఫోను పెట్టేశాక ఏడ్చింది. మెషీను పక్కనే సంచి పెట్టి రోజుకో గుడ్డ సర్దడం మొదలుపెట్టింది. బాబాయి ఆ సంచిని చూసి కూడా చూడనట్టే తిరిగాడు. రాత్రిళ్ళు మాత్రం మంచం అంచుకి జరిగి జరిగి, ఒకసారి కింద పడ్డాడు కూడా.

ఎన్నికలు అయ్యాక వెళ్ళాలని ఆమె అనుకుంది. ఎందుకంటే చేతి నిండా జెండాలున్నాయి. గళ్ళ పార్టీవాళ్ళూ ఆమెకే ఇచ్చారు, చారల పార్టీవాళ్ళూ ఆమెకే ఇచ్చారు. పొద్దున గళ్ళు, మధ్యాహ్నం చారలు కుట్టేది.

గళ్ళ పార్టీ తరఫున నిలబడ్డది సిమెంటు వ్యాపారి. ఆయన ఉపన్యాసాల నిండా ఆ కొండే. ఇన్నేళ్ళు ఎవరికీ గుర్తు లేని కొండ ఈసారి ఎన్నికల్లో గొప్ప విజయం అయి కూర్చుంది. చారల పార్టీ తరఫున నిలబడ్డది డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. అతను కూడా అప్పట్లో సిపాయే, ఆ కొండకే వెళ్ళాడు. "తిరిగి ఇచ్చెయ్యడానికే అయితే మా వాళ్ళని ఎందుకు చంపించారు?" అని అడుగుతున్నాడు. అప్పటి ప్రభుత్వం గళ్ళ పార్టీదే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టం కాబట్టి, వాళ్ళు అడిగిన మనిషి మీద పడ్డారు. అతను శిఖరం దాకా వెళ్ళనే లేదని, సగంలో వెనక్కి వచ్చేశాడని ఊరంతా చెప్పారు. 'సగం కొండ' అని పేరు పెట్టారు. గోడల మీద రాశారు. డ్రైవింగ్ స్కూలు కారు వెనక అద్దం మీద కూడా ఎవరో వేలితో రాసిపోయారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గళ్ళ పార్టీ మైకాయన వచ్చాడు. ప్రచారం బండిలో కూర్చుని రోజంతా అరిచే మనిషి, గొంతు బొంగురుపోయి ఉంది. లోపలికి రాగానే బాబాయి దగ్గరగా కుర్చీ లాక్కుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అన్నాడు.

"బాబాయి, రేపు సాయంత్రం మా సభ. మీరు వేదిక మీద కూర్చోవాలి. మా నాయకుడికి ఎండ పడదు, మీ పక్కన కూర్చుంటే ఆయనకీ హాయి. అడిగినప్పుడు ఒక్క మాట చెబితే చాలు."

"ఏం మాట?"

"ఉన్న మాటే. ఆ పైన పోస్టులో మీరున్నారు కదా. మీ తర్వాత ఎక్కాల్సింది డ్రైవింగ్ స్కూలాయనే కదా. ఎక్కాడా, లేదా?"

మెషీను తొక్కుతున్న టైలరమ్మ కాలు ఆగిపోయింది. బాబాయి తల మీద రెండు మంచు పలుకులు రాలాయి.

"నేను రాను" అన్నాడు బాబాయి.

మైకాయన ఎంత బతిమాలినా ఆయన అదే మాట అన్నాడు. మైకాయన లేస్తూ, "మీరు రాకపోతే మేమే వస్తాంలెండి" అన్నాడు. ఏదో అనాలని అన్నాడనుకుంది టైలరమ్మ.

అతను గుమ్మం దాటగానే ఆమె కుట్టే గుడ్డ పక్కన పడేసింది. "మీ తర్వాత ఎక్కాల్సినవాడా? ఏమిటండీ అది?"

బాబాయి గోళ్ళు చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. పై పోస్టులో ఒక్కరే ఉండేవారు. కింద నుంచి తర్వాతివాడు ఎక్కి వచ్చి, 'వంతు నాది, నువ్వు దిగు' అనాలి. ఆ మాట విన్నాకే పైవాడు లేవాలి. వచ్చేవాడెవరో పైనున్నవాడే వైర్‌లెస్‌లో పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు అందుకున్నవాడు కాక మరెవరు వచ్చి చెప్పినా అది చెల్లదు, ఎంత పెద్ద అధికారి అయినా సరే.

"నేను వాణ్ణి పిలిచాను. ఎక్కుతున్నాడు. నాకు కనిపిస్తున్నాడు కూడా, సగం దాకా వచ్చాడు. అప్పుడే ఒప్పందం అయిపోయిందని కబురొచ్చింది. అందర్నీ ఉన్నవాళ్ళని ఉన్నట్టు దిగిపొమ్మన్నారు. వాడు వెనక్కి తిరిగాడు. నేనూ లేచి వచ్చేశాను."

"ఆ మాట ఎవరూ అనకుండానే?"

"అనకుండానే."

టైలరమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. "అంటే అతనొచ్చి ఒక్క మాట అంటే పోయేదా ఇదంతా? ఇన్నేళ్ళూ తెలిసి కూడా నోరు మూసుకు కూర్చున్నారా?"

"చెబితే నువ్వెళ్ళి వాణ్ణి నిలదీస్తావు. వాడేం తప్పు చేశాడు? రమ్మంటే వచ్చాడు, పొమ్మంటే పోయాడు. పైగా వంతు తీసుకుంటే ఈ చలి వాడికి చేరుతుంది. అప్పట్లో వాడి ఇంట్లో పసిపిల్లలున్నారు."

"పోనీ ఇంకొకరిని పిలవాల్సింది! పేరు మార్చకూడదా?"

"మార్చొచ్చు. ఎవరిని పిలవను? నిన్నా?"

ఆమెకి ఒళ్ళు భగ్గున మండింది. ఆ ఇంట్లో ఒళ్ళు మండడం కూడా ఒక రకంగా సుఖమే, కాసేపు వెచ్చగా ఉంటుంది. ఊరందరి మీదా జాలిపడే మనిషికి పక్కన ముడుచుకుని పడుకున్న పెళ్ళాం వేళ్ళు కనపడలేదు కదా అని ఆమె బాధ. కనపడ్డాయని, అందుకే మంచం అంచుకి జరుగుతున్నాడని కూడా ఆమెకి తెలుసు. అది ఇంకా బాధ.

చారల జెండాల మూట ఎలాగూ అప్పగించాల్సే ఉంది. అది ఎత్తుకుని ఆమె నేరుగా డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళింది.

డ్రైవింగ్ స్కూలాయన చెట్టు నీడన కారు ఆపి, ఒక లావుపాటి ఆయనకి క్లచ్చి ఎలా వదలాలో చెబుతున్నాడు. "నెమ్మదిగా సార్, నెమ్మదిగా. అది మీ అత్తగారి కాలు కాదు" అంటున్నాడు. టైలరమ్మని చూసి దిగి వచ్చాడు. "మీరెందుకు మోసుకొచ్చారు వదినా, కబురు చేస్తే మనిషిని పంపేవాణ్ణిగా" అన్నాడు. ఒకే ఊళ్ళో ఉన్నా అతను వాళ్ళింటికి ఎన్నడూ రాలేదు. రోడ్డు మీద ఎదురుపడితే మాత్రం వదినా అంటాడు.

ఆమె మూట అతని చేతిలో పెట్టి, చెప్పాల్సింది నిలబడే చెప్పేసింది. అతను వింటూ వింటూ కారు బానెట్టు మీద కూర్చున్నాడు. అది ఎండకి కాలిపోతోందన్న సంగతి కూడా అతనికి తెలిసినట్టు లేదు.

"ఇంకా అక్కడే కూర్చున్నాడా?" అన్నాడు చివరికి. "ఆ చలి ఆయన తెచ్చుకున్నదనుకున్నాను వదినా. నేను వదిలేసిందని నాకు తెలీదు. వెనక్కి రమ్మన్నారు కదా, వంతు కూడా రద్దయిపోయిందనుకున్నాను. ఆయన మొహం చూడటానికి మాత్రం ఎందుకో ధైర్యం చాలేది కాదు."

"ఇవాళ ఇంటికి రండి. ఎవరికీ తెలియక్కర్లేదు. వచ్చి ఆ మాట అనేసి వెళ్ళండి."

అతను చప్పున తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు. "ఎవరికీ తెలియకుండా ఎలా ఉంటుంది? చలి నాతో వస్తుంది కదా. రేపు నేను చలితో వీధిలో తిరిగితే, సగం కొండ అన్న మాట నిజమేనని నేనే ఊరంతా చాటినట్టు. ఓట్లు అయిపోనివ్వండి వదినా. అయ్యాక తప్పకుండా వస్తాను."

"ఓట్లయ్యాక నేనుండను. మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను." తన చేతులు చూపించింది. చూపించాక సిగ్గేసి వెనక్కి దాచుకుంది. "మీ ఓట్లు మీరు చూసుకోండి నాయనా. ఆయన నా మీద కన్నా మీ మీదే ఎక్కువ జాలిపడ్డాడు. అది మీకు తెలియాలని వచ్చాను, అంతే."

లావుపాటాయన కారులోంచి "మాస్టారూ, ఇది ముందుకు పోతోంది!" అని కేక పెట్టాడు. డ్రైవింగ్ స్కూలాయన కదిలి వెళ్ళేలోపే ఆమె రోడ్డెక్కేసింది.

మర్నాడు పొద్దున పాల డిపోకి వెళ్ళిన బాబాయికి మైకాయన మాట అర్థమైంది. ఆయన రానంటే వేదికే ఆయన దగ్గరికి వచ్చింది. డిపో ముందు ఖాళీ స్థలమంతా పందిరి వేశారు, బల్లలు పరిచారు, ఆయన కుర్చీ దాకా వేదిక కట్టారు. డిపో యజమాని తల గోక్కుంటూ, "వద్దంటే వినేవాళ్ళు కాదు బాబాయి. మీరు మీ కుర్చీలో మీరు కూర్చున్నట్టే" అన్నాడు. బాబాయి అలాగే కూర్చుని పేపరు తెరిచాడు.

సాయంత్రానికి జనం కిక్కిరిసిపోయారు. చల్లగా ఉంటుందని ముందు వరసల కోసం తోసుకున్నారు. టైలరమ్మ గళ్ళ జెండాల చివరి మూట అప్పగించడానికి వచ్చి, వెనకింటావిడ పక్కన నిలబడిపోయింది. సిమెంటు వ్యాపారి వచ్చి బాబాయి పక్కన కూర్చున్నాడు. మొదట హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు, కాసేపటికి శాలువా అడిగాడు, ఆ తర్వాత ఇంకోటి అడిగాడు. లేచి మాట్లాడేసరికి ముక్కు ఎర్రబడి ఉంది. కొండ గురించి, త్యాగం గురించి, రక్తం గురించి తుమ్ముల మధ్య గొప్పగా మాట్లాడాడు. ఆ మాటలకి చప్పట్లు మోగినప్పుడల్లా బాబాయి భుజాల మీద మంచు ఇంకాస్త దట్టంగా పడింది. టైలరమ్మ అది చూస్తూ నిలబడింది. మంత్రులు, ప్రధానులు వచ్చినా ఇంతేనని ఆమెకి అప్పుడు తెలిసింది.

"ఈ మహావీరుణ్ణి ఒక్క ప్రశ్న అడుగుతాను!" అని సిమెంటు వ్యాపారి మైకు తెచ్చి బాబాయి నోటి దగ్గర పెట్టాడు. "మీ వెనకాల ఎక్కాల్సిన మనిషి, ఇవాళ ఓట్లడుగుతున్న మనిషి, ఆ శిఖరం మీదికి వచ్చాడా?"

బాబాయి పేపరు మడిచాడు. "రాలేదు" అన్నాడు.

పందిరి ఎగిరిపోయేలా ఈలలు వేశారు. బాబాయి చెయ్యెత్తాడు. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి కాబట్టి జనం ఊరుకున్నారు.

"రాలేదు, ఎందుకంటే వెనక్కి పిలిచారు. వాడు సగం దాకా ఎక్కినప్పుడు అవతలివైపు నుంచి కాల్పులు ఆగలేదు. అయినా ఎక్కుతూనే ఉన్నాడు, నేను చూశాను. పైన కూర్చున్నందుకు నేను గొప్పవాణ్ణీ కాదు, సగంలో తిరిగినందుకు వాడు పిరికివాడూ కాదు. ఇద్దరం చెప్పినట్టు విన్నాం. మమ్మల్ని ఎక్కమన్నవాళ్ళని అడగండి..."

అక్కడ మైకు ఆగిపోయింది. ఆగిపోయింది అంటే, సిమెంటు వ్యాపారి సైగ చేశాడు, ఎవరో తీగ లాగేశారు. కానీ ఊరి నాలుగు మూలలా కట్టిన లౌడ్‌స్పీకర్లు అప్పటికే ఆ మాటలు మోసుకెళ్ళిపోయాయి. డ్రైవింగ్ స్కూలు అక్కడికి రెండు వీధుల అవతలే.

జనం గుసగుసలు పోతుండగా వెనకనుంచి కదలిక వచ్చింది. డ్రైవింగ్ స్కూలాయన పరిగెత్తుకొస్తున్నాడు. అతని వెనకే వాళ్ళ పార్టీ మనిషొకడు చొక్కా పట్టుకుని, "వద్దండీ, ఎల్లుండి ఓట్లండీ" అని లాగుతున్నాడు. చొక్కా చిరిగింది. వేదిక మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి అతను పైకి చూశాడు. అవి నాలుగైదు చెక్క మెట్లు, అంతే. వాటిని ఎక్కడానికి అతను పడ్డ ఆయాసం చూసి ముందు వరసలో ఎవరూ నవ్వలేదు. టైలరమ్మ వెనకింటావిడ చెయ్యి పట్టుకుంది, తన వేళ్ళు నొప్పెట్టేంత గట్టిగా.

అతను బాబాయి ముందు నిలబడ్డాడు. అతని జుట్టు మీద మంచు పడింది.

"వంతు నాది" అన్నాడు. "నువ్వు దిగు."

బాబాయి అతని మొహంలోకి చూశాడు. తర్వాత, అప్పగించేవాడు చెప్పాల్సినట్టే చెప్పాడు. "ఎదురుగా కదలిక లేదు. గాలి ఎడమ నుంచి వస్తోంది. నీళ్ళ డబ్బా గడ్డకట్టింది, చంకలో పెట్టుకో." మడిచిన పేపరు అతని చేతికిచ్చాడు. "ఆలస్యం చేశావురా."

"చేశాను. లే."

బాబాయి లేచాడు. అతను కూర్చున్నాడు. చలి కుర్చీ దగ్గరే, అతని చుట్టూ ఉండిపోయింది. బాబాయి వేదిక అంచు దాకా నడిచాడు, మెట్లు దిగాడు, ఆయన నడిచిన చోటల్లా మామూలు సాయంత్రపు వేడి. డిపో యజమాని పరుగెత్తుకెళ్ళి పాల క్యాన్లు కుర్చీకి దగ్గరగా జరిపాడు. ఎవరి గోల వాళ్ళది.

కుర్చీలో ఉన్న మనిషి చలికి పళ్ళు టకటకలాడిస్తూ మైకు కోసం చెయ్యి చాచాడు. తీగ లాగినవాడే ఎందుకో మళ్ళీ పెట్టాడు. "తర్వాత వంతు ఎవరిదో పైనున్నవాడు పిలవాలి" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన. "ఇది ఊరంతా గర్వపడాల్సిన యుద్ధమని ఇప్పుడే విన్నాను. తర్వాత వంతు మన సిమెంటు వ్యాపారిగారిది."

జనమంతా ఒక్కసారి అటు తిరిగారు. సిమెంటు వ్యాపారి రెండు శాలువాలూ దగ్గరికి లాక్కుని, తనకి గొంతు బాగాలేదని, ఇంకో సభకి టైమైపోయిందని, సైనికులంటే తనకి అపారమైన గౌరవమని చెబుతూ కారెక్కేశాడు. కారు వెళ్ళిన వైపు దుమ్ము లేచింది. జెండాలు పట్టుకున్నవాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలియక మడత పెట్టుకున్నారు.

అప్పుడు మైకాయన ముందుకొచ్చాడు. రోజంతా 'సగం కొండ' అని అరిచి గొంతు పోగొట్టుకున్న మనిషి. "ఎంతసేపు కూర్చోవాలండీ?" అని అడిగాడు, ఎవరి మొహం వైపూ చూడకుండా.

"తట్టుకున్నంతసేపు. నిన్ను పిలవనా?"

"పిలవండి."

"అతని తర్వాత నన్ను" అంది టైలరమ్మ పక్కనుంచి వెనకింటావిడ. "ఇన్నేళ్ళు పాలు పెట్టుకున్నాను. ఊరికే పెట్టుకుంటే బాగుంటుందా?"

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. డ్రైవింగ్ స్కూలాయన ఓడిపోయాడు, కాస్త తేడాతోనే. 'సగం కొండ' అన్న మాట మాత్రం మళ్ళీ ఎవరి నోటా రాలేదు, గోడల మీద రాతలు రాసినవాళ్ళే తుడిచారు. గెలిచిన సిమెంటు వ్యాపారి ఊళ్ళోకి ఎప్పుడొచ్చినా పాల డిపో రోడ్డు వదిలేసి చుట్టూ తిరిగి వెళతాడు, ఎవరైనా "మీ వంతు ఉండిపోయింది సార్" అంటారని భయం. కుర్చీలో డాక్టరమ్మ కూర్చుంది, లావుపాటాయన కూర్చున్నాడు, సైనికుల ఆసుపత్రి కౌంటరావిడ కూడా స్వెటరు తెచ్చుకుని ఒక మధ్యాహ్నం కూర్చుని వెళ్ళింది. మనిషి మారినకొద్దీ చలి అరిగిపోతూ వచ్చింది. వానలు పడేనాటికి కుర్చీ కింద ఓ పెరుగు గిన్నె పట్టేంత చల్లదనం మిగిలింది. డిపో యజమాని దిగులుగా కొత్త ఫ్రిజ్జు కొనుక్కున్నాడు.

ఆ సాయంత్రం మాత్రం వాళ్ళిద్దరే ఇంటికి నడిచి వచ్చారు. టైలరమ్మ ఒకటి రెండుసార్లు కావాలనే ఆయన భుజానికి భుజం తగిలించి చూసింది. మామూలుగానే ఉంది. ఎవరి భుజమైనా ఎలా ఉంటుందో అలాగే.

లోపలికొచ్చాక బాబాయి గది మధ్యలో నిలబడి, చొక్కా వీపుకి అతుక్కుపోతే తడిమి చూసుకున్నాడు. టైలరమ్మ గబుక్కున దగ్గరికొచ్చింది. "మళ్ళీ మంచా?" అంది.

ఆయన తడిసిన వేలు నాలుకకి ఆనించుకున్నాడు. "ఉప్పగా ఉంది" అన్నాడు ఆశ్చర్యంగా. "చెమటే! అబ్బ, ఎంత ఉక్కగా ఉందే ఇంట్లో. కాస్త ఆ ఫ్యాను వెయ్యి."

ఇద్దరూ ఒకేసారి పైకి చూశారు. పైకప్పుకి వట్టి కొక్కెం వేలాడుతోంది. ఆ ఇంట్లో ఫ్యాను ఎప్పుడూ లేదు. ఎవరికీ దాని అవసరమే రాలేదు.

టైలరమ్మకి నవ్వొచ్చింది. ఆగకుండా వచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా. ఆయన నేల మీద చతికిలబడితే పక్కనే తనూ కూర్చుంది. మెషీను పక్కనున్న సంచి కాలు తగిలి పడిపోయింది, అందులోని బట్టలు జారి నేల మీద పరుచుకున్నాయి. ఎవరూ తీసి సర్దలేదు. చీకటి పడుతోంది, లేచి దీపం వెయ్యాలని కూడా ఎవరికీ అనిపించలేదు. ఆమె మెషీను మీదికి చెయ్యి చాచి, మిగిలిపోయిన జెండా ఒకటి లాగి, నాలుగు మడతలు పెట్టి ఆయనకి విసరడం మొదలుపెట్టింది. వేళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, కానీ మడత మీద పట్టు నిలిచింది.

ఆయన కళ్ళు మూసుకుని మొహం గాలికి పెట్టాడు.

"ఏ పార్టీ జెండా అది?" అన్నాడు కాసేపటికి.

"ఏమో, చూళ్ళేదు" అంది టైలరమ్మ. "గాలి వస్తోందా, లేదా?"

"వస్తోంది."